తీర పక్షుల లెక్క తగ్గితే పక్షులే తగ్గినట్టా?

ప్రశ్న: ఇసుకతిన్నె

మూడు శీతాకాలాలుగా ఒక నదీముఖం పక్కనున్న బురద నేలలో వలస తీర పక్షులను లెక్కిస్తున్నాను. నేను వృత్తిరీత్యా శాస్త్రవేత్తను కాను. ఒక టెలిస్కోపు, ఒక నోటుబుక్కు, సెలవు రోజుల ఉదయాలు మాత్రమే నా దగ్గరున్నవి. మొదటి శీతాకాలంతో పోలిస్తే మూడోదానిలో లెక్క ఇంచుమించు సగానికి పడిపోయింది. అందులోనూ గాడ్విట్, నాట్ అనే వలస పక్షులు, చిన్న ఉల్లంకులు బాగా పలచబడినట్టు కనిపించాయి.

ఈ విషయాన్ని బయట చెప్పాలా వద్దా అన్నది నా మొదటి సందేహం. పక్షులు నిజంగా చనిపోయి తగ్గాయో, పక్కనున్న మరో బురద నేలకు తరలిపోయాయో, లేక నేనే సరిగా లెక్కించలేదో తేల్చుకోవడం ఎలా? తోటి పరిశీలకులు ఒకరిద్దరు "కాళ్లకు రింగులు వేయిస్తే తేలిపోతుంది" అంటున్నారు. పట్టుకోవడంలో పక్షికి ఎంత ఇబ్బంది కలుగుతుందో తెలియక ఆ పనికి మనసొప్పడం లేదు.

రెండో సందేహం అదే తీరంలోని ఇసుక దిబ్బ గురించినది. వేసవిలో దాని మీద చిన్న టెర్న్‌లు, ప్లోవర్లు అనే పక్షులు గుడ్లు పెడతాయి. గూళ్లను చూసి రావాలని ఉంది, కానీ మా రాకపోకలే వాటికి చేటు అవుతాయేమోనన్న భయమూ ఉంది. ఈ పనిలో చేయి తిరిగినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: ఒడ్డుకొంగ

ముందు మీ నోటుబుక్కు తెరిచి, ప్రతి లెక్క పక్కన ఆ రోజు పోటు ఎంత ఎత్తుకు వచ్చిందో, మీరు లెక్కించిన సమయానికి పోటు ఏ దశలో ఉందో రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోతే పాత తేదీలకు పోటు పట్టికలు తీసి ఇప్పుడైనా పూరించండి. ఆ వరుస లేకుండా తీర పక్షుల సంఖ్యను పోల్చడం కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూడకుండా తూకం వేయడం లాంటిది.

కారణం ఇది. నీరు వెనక్కి తీసినప్పుడు పక్షులు కిలోమీటర్ల కొద్దీ బురద మీద చెల్లాచెదురుగా మేస్తాయి. నీరు ఎక్కేకొద్దీ మేత నేల మునిగిపోయి అవి ఒకటి రెండు ఎత్తైన విడుదుల్లో గుమిగూడతాయి కాబట్టి, లెక్కకు నిండు పోటు వేళే అనువైనది. బ్రిటన్‌లో నీటి పక్షుల నెలవారీ లెక్కింపును నదీముఖాల్లో పోటు వేళకే పెట్టుకోవడం ఇందుకే. అయితే అన్ని పోట్లూ ఒక్కటి కావు. అష్టమి ప్రాంతంలో వచ్చే చిన్న పోటుకు బురద పైఅంచు మునగదు, పక్షులు విడిదికి రాకుండా అక్కడే మేస్తూ ఉండిపోతాయి. అమావాస్య, పౌర్ణముల తర్వాతి పెద్ద పోటుకు ఒక్కోసారి మీరు నమ్ముకున్న విడిదే మునిగిపోతుంది, అప్పుడవి ఉప్పు మడులకో లోపలి చెరువులకో వెళ్లిపోతాయి. రెండు సందర్భాల్లోనూ మీ టెలిస్కోపు ముందు పక్షులు తక్కువే కనిపిస్తాయి, ఆ ప్రాంతంలో మాత్రం ఒక్కటీ తగ్గి ఉండదు.

ఇక లెక్కించే పద్ధతి. పెద్ద గుంపును ఒక్కొక్కటిగా లెక్కించడం సాధ్యం కాదు కనుక, ముందు పది పక్షులు ఎంత చోటు పట్టాయో కంటికి ఆనించుకుని, అలాంటి పదులు పది కలిపి వందను ఊహించుకుని, ఆ వందతో గుంపునంతా కొలుచుకుంటూ పోతాం. ఇలా కొలిచినప్పుడు చాలామంది పెద్ద గుంపులను ఉన్నదానికంటే తక్కువగానే అంచనా వేస్తారు, ఎంత తక్కువ అన్నది మనిషిని బట్టి మారుతుంది. ఇద్దరు పక్కపక్కనే నిలబడి, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా రాసుకుని, ఆఖరున పోల్చి చూసుకోండి. తేడా చూస్తే మొదట్లో సిగ్గేస్తుంది, అయినా మీ లెక్కలో పొరపాటుకు ఎంత తావుందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మొదటి ఏడాది గుంపును వేరొకరు లెక్కించి, మూడో ఏడాది మీరు లెక్కించి ఉంటే మాత్రం ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకండి.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక ఉదయం గుంపు సగం లెక్కించేసరికి ఒక డేగ దూసుకొచ్చింది. పక్షులన్నీ పొగలా లేచి, రెండు చుట్లు తిరిగి, దిబ్బకు అటువైపు వాలాయి. నేను మిగతా సగం లెక్కించాననుకుని మొదటి సగాన్నే మళ్లీ లెక్కించానని ఇంటికొచ్చి ఫొటోలు చూసుకున్నాక తెలిసింది. అప్పటి నుంచి గుంపు లేచిందంటే ఆ లెక్క కొట్టేసి మొదటి నుంచి మొదలుపెడుతున్నాను. కొట్టేసిన అంకెను మాత్రం చెరిపేయను, పక్కన కారణం రాసి ఉంచుతాను.

పక్షులు కనిపించని రోజు సున్నా అని రాయండి. పేజీ ఖాళీగా వదిలేస్తే, ఆ రోజు పక్షులు లేవో, మీరే వెళ్లలేదో పదేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు.

సమాధానం: రంగుజెండా

ఒడ్డుకొంగ గారు చెప్పినవన్నీ సరిచూసుకున్నాక కూడా తగ్గుదల మిగిలితే, అప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాం: తరలిపోయాయా, చనిపోయాయా? ఒకే చోట నిలబడి ఎన్నేళ్లు లెక్కించినా దీనికి జవాబు దొరకదు.

ఈ ప్రశ్న చాలా పెద్ద ఎత్తున ఎదురైన చోటు దక్షిణ కొరియాలోని సేమాంగియం. అక్కడ 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి, 2006 ఏప్రిల్‌లో దాన్ని మూసివేసి, దాదాపు 400 చదరపు కిలోమీటర్ల నదీముఖాన్ని, బురద నేలలను పోటు నుంచి వేరు చేశారు. వలస మధ్యలో గ్రేట్ నాట్లు పెద్ద సంఖ్యలో ఆగే చోటు అది. పక్షులు పక్క తీరాలకు సర్దుకుంటాయన్న వాదన అప్పట్లో వినిపించింది. స్వచ్ఛంద పరిశీలకులు 2006 నుంచి 2008 వరకు సేమాంగియంతో పాటు పొరుగు నదీముఖాలనూ లెక్కించారు. ఇక్కడ మాయమైన గ్రేట్ నాట్లకు సరిపడా పక్షులు అక్కడ ఎక్కడా తేలలేదు, వాటి శీతాకాలపు నెలవైన ఆస్ట్రేలియాలోనూ సంఖ్య పడిపోయింది. 2015లో ఆ జాతిని అంతరించే ముప్పున్న జాతుల వర్గంలోకి మార్చారు. ఒక విడిదిలోని తగ్గుదలను అర్థం చేసుకోవడానికి పొరుగు విడుదులనూ, వలస మార్గపు అవతలి కొసనూ కలిపి చూడవలసి వచ్చిందన్నది మీరు గమనించవలసిన సంగతి.

రంగు రింగులు, జెండాలు (కాలికి తొడిగే చిన్న రంగు పట్టీలు) ఉపయోగపడేది ఈ దశలోనే. వాయువ్య ఆస్ట్రేలియాలో గ్రేట్ నాట్లు, రెడ్ నాట్లు, బార్-టెయిల్డ్ గాడ్విట్ల కాళ్లకు విడివిడిగా గుర్తుపట్టగల రంగు గుర్తులు వేసి, పక్షి పరిశోధకుడు టూనిస్ పీర్స్మా బృందం ఏళ్ల తరబడి వాటిని మళ్లీ మళ్లీ చూసి రాసుకుంది. ఒక గుర్తు ఏ నెల వరకు కనిపించింది, ఏ నెల నుంచి కనిపించలేదు అన్న వివరంతో మరణం ఏ కాలంలో జరుగుతోందో లెక్కకట్టవచ్చు. ఆస్ట్రేలియాలో ఉన్న నెలల్లో మూడు జాతులూ బాగానే బతుకుతున్నాయనీ, అక్కడి నుంచి వెళ్లి తిరిగి వచ్చే లోపలి కాలంలోనే మనుగడ పడిపోతోందనీ 2016లో వెలువడిన ఆ పరిశోధనలో తేలింది. ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న మజిలీ చైనా, కొరియాల మధ్యనున్న పసుపు సముద్ర తీరం. శీతాకాలపు విడిదిలో ఎంత జాగ్రత్తగా లెక్కించినా, సంఖ్య పడిపోయిందనే తెలిసేది తప్ప ఎక్కడ పడిపోయిందో తెలిసేది కాదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. వేల్స్ పక్కనున్న స్కోమర్ దీవిలో టిమ్ బర్క్‌హెడ్ 1972 నుంచి గిలిమాట్ అనే సముద్ర పక్షిని అధ్యయనం చేస్తూ వచ్చారు. పెద్ద చమురు ఒలికిన శీతాకాలాల్లో ఎదిగిన పక్షుల మరణాలు దాదాపు రెట్టింపయ్యాయని రింగుల వల్ల తెలిసింది. కొండ చరియ మీద గుడ్లు పెట్టే జంటలను లెక్కించేవారికి అంత దెబ్బ కనిపించలేదు, ఎందుకంటే అప్పటిదాకా చోటు దొరకక వేచి ఉన్న కుర్ర పక్షులు ఖాళీ అయిన చోట్లలోకి వచ్చి చేరాయి. అంటే లెక్క తగ్గినంత మాత్రాన పక్షులు చచ్చిపోయాయని అనుకోలేనట్టే, లెక్క నిలకడగా ఉన్నంత మాత్రాన అంతా బాగుందనీ అనుకోలేం.

మీ మూడేళ్ల విషయంలో ఇంకొకటి చూడాలి. ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టే చాలా తీర పక్షుల సంతానం అక్కడి లెమ్మింగ్ అనే ఎలుకల మీద ఆధారపడి ఎగుడుదిగుడుగా ఉంటుంది. లెమ్మింగులు విరివిగా ఉన్న ఏడాది నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి, అవి తగ్గిన ఏడాది నక్కలు పక్షుల గుడ్ల మీద, పిల్లల మీద పడతాయి. ఈ చక్రం చాలా చోట్ల మూడు నాలుగేళ్లకు ఒకసారి తిరుగుతుంది. మీ మొదటి శీతాకాలం మంచి ఏడాది తర్వాతిదీ, మూడోది చెడ్డ ఏడాది తర్వాతిదీ అయితే తేడా పెద్దగానే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి గుంపులో తొలి ఏడాది పక్షుల నిష్పత్తి చూడండి. శీతాకాలం మొదట్లో వాటి వీపు ఈకల చుట్టూ లేత రంగు అంచు ఉండి, చేప పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. ఎదిగినవి ఆపాటికి సాదా బూడిద రంగుకు మారి ఉంటాయి. ఆస్ట్రేలియాలో క్లైవ్ మింటన్ మొదలుపెట్టిన బృందాలు వలలో పడ్డ పక్షుల్లో ఈ నిష్పత్తిని దశాబ్దాల పాటు నమోదు చేశాయి. మీకు వల అక్కర్లేదు. మంచి వెలుతురులో టెలిస్కోపుతో రెండు మూడు వందల పక్షులను ఇలా వేరుచేసి రాసినా విలువైన సమాచారమే.

రింగులు వేయించడం గురించి మీ జంకు సబబైనదే. చట్టపరమైన అనుమతి, ఏళ్ల శిక్షణ ఉన్నవారు మాత్రమే చేయవలసిన పని ఇది. పొడుగు కాళ్ల పక్షులను ఎండలో ఎక్కువసేపు సంచుల్లో ఉంచితే కండరాలు పట్టేసి, వదిలాక నిలబడలేక కూలబడతాయి. అనుభవం ఉన్న బృందాలు వల వేయడానికంటే ముందు నీడ గుడారం సిద్ధం చేసుకునేది అందుకే. పైగా గుర్తు వేసిన పక్షిని మళ్లీ చూసేవారు లేకపోతే ఆ కష్టమంతా వృథా. కాబట్టి మీరు వేయించకండి, చదవండి. అమెరికా ఖండాల్లో జెండా రంగును బట్టే ఏ దేశంలో వేసినదో తెలిసిపోతుంది: అర్జెంటీనాది నారింజ, బ్రెజిల్‌ది నీలం, చిలీది ఎరుపు. 1995లో అర్జెంటీనా దక్షిణ కొసన రింగు వేసిన రెడ్ నాట్ ఒకటి తర్వాత బి95 అన్న నారింజ జెండాతో 2014 వరకు కనిపిస్తూ వచ్చింది. అది అన్నేళ్లు బతికిందని లోకానికి తెలిసింది ఎక్కడెక్కడి వాళ్లో జెండా మీది అక్షరాలు చదివి రాసి పంపడం వల్లనే. జెండా కనిపించినప్పుడు దాని వివరాలతో పాటు, ఎన్ని పక్షుల కాళ్లు చూస్తే ఎన్ని జెండాలు దొరికాయో కూడా రాయండి. ఎన్ని పక్షుల కాళ్లు చూశామన్న అంకెను దాదాపు అందరూ మరచిపోతారు.

ఇసుకతిన్నె

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొలి ఏడాది పక్షుల సంగతి నాకు తట్టనే లేదు. అయితే రంగుజెండా గారి సమాధానం చదివాక ఒక నిరుత్సాహం కలిగింది. పక్షి చనిపోయేది వేల కిలోమీటర్ల అవతల అయితే, ఈ కొసన ఒక విడిదిని కాపాడి మేము సాధించేది ఏముంటుంది?

సమాధానం: ఉప్పుగాలి

చాలానే ఉంటుంది. వలస పక్షి దారిలో ఏ మజిలీలో దెబ్బతిన్నా, ఆ ఫలితం తర్వాతి మజిలీలో బయటపడుతుంది. అలాస్కా నుంచి బయలుదేరే బార్-టెయిల్డ్ గాడ్విట్‌ను చూడండి. 2022 అక్టోబరులో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్ ఉన్న ఒక పిల్ల గాడ్విట్ ఎక్కడా వాలకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరి టాస్మానియా చేరింది. అలా బయలుదేరే పిల్ల గాడ్విట్ల శరీర బరువులో సగానికి పైగా కొవ్వే ఉంటుందనీ, జీర్ణావయవాలు చిన్నవై ఉంటాయనీ పరిశోధకులు చూశారు. ఆ కొవ్వంతా బురదలో ఒక్కో పురుగును ఏరుకుని పోగుచేసుకున్నది. విడిదిలో కుక్క పరిగెత్తిన ప్రతిసారీ, డ్రోన్ ఎగిరిన ప్రతిసారీ గుంపు లేచి పది నిమిషాలు గాలిలో తిరిగితే, ఆ ఖర్చు ఆ నిల్వలోంచే పోతుంది.

అమెరికాలోని డెలవేర్ అఖాతం దీనికి నేను చూపించగల మంచి రుజువు. అక్కడ మే నెలలో గుర్రపునాడా పీతలు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. దక్షిణ అమెరికా నుంచి ఎముకలగూడులా వచ్చి వాలిన రెడ్ నాట్లు రెండు వారాల్లో ఆ గుడ్లు తిని బరువును దాదాపు రెట్టింపు చేసుకుని ఆర్కిటిక్‌కు వెళతాయి. 1990ల్లో చేపల ఎర కోసం ఆ పీతలను విపరీతంగా పట్టడంతో గుడ్లు తగ్గాయి. దాదాపు 180 గ్రాముల బరువుకు చేరకుండా బయలుదేరిన పక్షులు మరుసటి ఏడాది తక్కువగా కనిపించాయి. 2008లో న్యూజెర్సీ రాష్ట్రం పీతల వేటను నిషేధించింది, 2014లో ఆ నాట్ ఉపజాతిని సమాఖ్య చట్టం కింద ముప్పున్నదిగా చేర్చారు. వీటికి తోడు అక్కడ జరిగే పని చాలా మామూలుది: పక్షులు మేసే కొన్ని వారాల పాటు కొన్ని బీచ్‌లకు తాడు కట్టి, దారి మొదట్లో స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని, వచ్చినవారికి టెలిస్కోపులో పక్షిని చూపించి సౌమ్యంగా వెనక్కి పంపుతారు. మీలాంటివాళ్లు చేయగల పని అదే.

మీ లెక్కలకు మరో విలువ ఉంది. రామ్‌సార్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల ఒప్పందం ప్రకారం 20,000 నీటి పక్షులకు, లేదా ఒక జాతికి చెందిన ఒక జనాభాలో ఒక శాతానికి, క్రమం తప్పకుండా ఆశ్రయమిచ్చే చిత్తడి నేల అంతర్జాతీయ ప్రాముఖ్యం గలది. ఆ "క్రమం తప్పకుండా" అన్న మాటను నిరూపించడానికి ఏళ్ల వరుస లెక్కలు కావాలి. ఎవరో ఒకరు అప్పటికే రాసి పెట్టి ఉండకపోతే, అవసరమైన రోజున అవి ఎక్కడి నుంచీ రావు.

ఇక ఇసుక దిబ్బ గురించి. గూడు అంటే అక్కడ పుల్లలతో కట్టినదేమీ ఉండదు. ఇసుకలో అరచేతి లోతు గుంట, దానిలో రెండో మూడో మచ్చల గుడ్లు, చుట్టూ నాలుగు గవ్వ ముక్కలు మాత్రమే. ఒక అడుగు దూరంలో నిలబడి కూడా కనిపించదు, అందుకే తొక్కేస్తాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తల్లి లేచిపోతే గుడ్లు నిమిషాల్లో వేడెక్కి చెడిపోతాయి కాబట్టి ఉదయం చల్లగా ఉండగానో సాయంత్రమో వెళ్లి, పక్షులు గోల చేస్తున్న చోట కొద్ది నిమిషాలకు మించి ఆగకండి. గూడు దగ్గరకు వెళ్లి ఆగి వెనక్కి తిరిగితే మీ అడుగుల జాడ కుక్కకో నక్కకో దారి చూపుతుంది. గూడును దాటుకుంటూ నడుస్తూనే చూసి ముందుకు సాగిపోండి. గుర్తు పుల్లను గూడు పక్కన పాతకండి, కాకులు ఆ పుల్ల అర్థాన్ని మనకంటే ముందే నేర్చుకుంటాయి. కొన్ని అడుగుల అవతల, ప్రతిసారీ ఒకే దిక్కున పెట్టుకుంటే మీకు సరిపోతుంది.

గుడ్డు ఎన్ని రోజులదో తెలుసుకోవడానికి పరిశోధకులు దాన్ని నీటిలో వేసి చూస్తారు. కొత్త గుడ్డు అడుగున పడుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ లోపలి గాలి అర పెరిగి నిటారుగా నిలబడి, చివరకు పైకి తేలుతుంది. అనుమతి లేకుండా మీరు దాన్ని ముట్టుకోవద్దు. దూరం నుంచి చూసి, గుడ్లు ఏ తేదీ వరకు ఉన్నాయో, పిల్లలు ఎన్ని రెక్కలొచ్చి ఎగిరాయో రాసినా చాలు. నిజానికి ఆ రెండోదే ముఖ్యం. గుడ్లన్నీ పగిలి పిల్లలు బయటికి వచ్చినా, ఆ పిల్లలన్నీ పోయిన కాలనీలు (పక్షులు గుంపుగా గుడ్లు పెట్టే చోట్లు) ఎన్నో ఉన్నాయి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. చచ్చిన పక్షులు ఒకటికి మించి కనిపిస్తే ముట్టుకోకుండా పశువైద్య అధికారులకు తెలియజేయండి, ఆ బూట్లతో మరో కాలనీకి వెళ్లకండి. 2022లో పక్షుల ఫ్లూ ఉత్తర అట్లాంటిక్ సముద్ర పక్షుల కాలనీలను ఊడ్చిపెట్టింది. స్కాట్లాండ్‌లోని బాస్ రాక్ మీద జబ్బు నుంచి కోలుకున్న కొన్ని గానెట్ పక్షుల కళ్లు, మామూలుగా లేత నీలంగా ఉండేవి, నల్లబడి కనిపించాయి.

ఒడ్డుకొంగ

ఉప్పుగాలి గారి మాటలకు ఒక్కటి చేరుస్తాను. ప్లోవర్ గూళ్ల మీద ఇనుప జాలీ పంజరం పెడితే నక్కల నుంచి గుడ్లు దక్కుతాయని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. గుడ్లు దక్కే మాట నిజమే. కానీ పంజరం కనిపించిన చోట తల్లి ఉంటుందని డేగలు నేర్చుకుని, బయటికి వచ్చే ఎదిగిన పక్షిని పట్టుకున్న సందర్భాలు అమెరికాలో నమోదయ్యాయి. చాలా ఏళ్లు బతికి మళ్లీ మళ్లీ గుడ్లు పెట్టగల పక్షిని పోగొట్టుకుని ఒక ఏడాది గుడ్లను కాపాడుకోవడం నా దృష్టిలో నష్టపు బేరం. తాడు కంచెతో మొదలుపెట్టండి.

ఇసుకతిన్నె

నిన్న రాత్రి పోటు పట్టికలు ముందేసుకుని కూర్చున్నాను. మొదటి శీతాకాలంలో నా లెక్కల్లో ఎక్కువ భాగం పౌర్ణమి, అమావాస్యల తర్వాతి రెండు మూడు రోజుల్లో పడ్డాయి. మూడో శీతాకాలంలో సెలవులు కుదరక వెళ్లిన రోజుల్లో సగానికి పైగా అష్టమికి అటూ ఇటూ ఉన్నాయి. అంటే మీరు చెప్పినట్టు పక్షులు విడిదికి రాకుండా బురద పైఅంచునే ఉండిపోయి ఉండవచ్చు. ఒకే ఎత్తు పోటు ఉన్న రోజులను మాత్రమే తీసుకుని పోల్చి చూస్తే గాడ్విట్ల తేడా దాదాపు మాయమైంది. నాట్లది మాత్రం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

కనుక ఇప్పుడే బయట ఏమీ చెప్పడం లేదు. వచ్చే శీతాకాలానికి తేదీలను పోటు పట్టిక చూసి ముందే ఖాయం చేసుకున్నాం, మరో పరిశీలకురాలు నదికి అవతలి విడిదిని అదే గంటలో లెక్కిస్తానన్నారు. నాట్లలో తొలి ఏడాది పక్షులను వేరుచేసి రాయడానికి నోటుబుక్కులో కొత్త వరుస గీశాను. ఆ వీపు పొలుసులు ఏ నెల దాకా తేటగా కనిపిస్తాయో రంగుజెండా గారు చెప్పగలిగితే మొదటి తేదీని దాన్నిబట్టి ముందుకు జరుపుకుంటాను.

రంగుజెండా

వీలైనంత త్వరగా, అవి వచ్చి వాలిన మొదటి వారాల్లోనే చూడండి. ఆ అంచులు అరిగిపోతూ, కొత్త ఈకలు వస్తూ ఉంటాయి కనుక, శీతాకాలం నడిమికి వచ్చేసరికి వీపును నమ్ముకోలేం. అప్పుడు మడిచిన రెక్క మీద మిగిలిన పాత ఈకలను వెతకాలి, దానికి పక్షి బాగా దగ్గరగా ఉండాలి. ఒక జాగ్రత్త: తొలి ఏడాది పక్షులు తరచుగా గుంపు అంచుల్లో నిలబడతాయి. అంచున ఉన్న వందనే చూసి లెక్కకట్టకుండా, నడుమ నుంచి కూడా కొన్ని తీసుకోండి.